సరస్సు దారిలో చెట్టు

మే నెల. సరస్సు మీది మంచు ఈమధ్యే కరిగింది. ఒడ్డుకు కాస్త ఎగువన, పైన్ అడవిలో ఉన్న గాలి కొలతల గుడిసెలో సైమి కంప్యూటర్ తెరల ముందు చాలాసేపట్నించీ ఒక్కతే కూర్చుని ఉంది. పెళ్లయి నెల తిరగని ఆమె మొగుడు ఓత్సో, వలలు తీసి, ఫ్లాస్కు చంకన పెట్టుకుని అప్పుడే లోపలికి వచ్చాడు.

“అరటిపండు పడింది! ఓత్సో, ఇటు రా, అరటిపండు!”

“తలుపు వేసుకోనీ. చలి లోపలికొస్తుంది.”

“రానీ. ఇదిగో, నిన్న మధ్యాహ్నం నించి సాయంత్రం దాకా. ఎంత ముద్దుగా వంగిందో చూడు. మా ప్రొఫెసర్ చూస్తే ఫ్రేము కట్టించుకుంటాడు.”

“బావుంది.”

“బావుందా? అంతేనా? మీ సావో ప్రాంతం వాళ్లింతే. ఇల్లంటుకున్నా ‘కాస్త వెచ్చగా ఉన్నట్టుంది’ అంటారు.”

“నాకది రంగుల మరకలాగే కనిపిస్తుంది సైమీ. ఏం చెయ్యను.”

“మళ్లీ చెప్తా, విను. పెళ్లాం చెప్తే వినాలి. చెట్లు వాసన వదుల్తాయి కదా, పైన్ వాసన, రంగులేసేవాళ్ల దగ్గర వచ్చే టర్పెంటైన్ వాసన లాంటిది. అది గాలిలో కలుస్తుంది, ఎండకి మారుతుంది, మారి కంటికి కనపడని నలుసులౌతుంది. మధ్యాహ్నానికి పిల్ల నలుసులు. సాయంత్రానికి ఒళ్లు చేస్తాయి. ఆ ఒళ్లు చెయ్యడమే ఈ వంపు. అందుకే మావాళ్లు దీన్ని అరటిపండు అంటారు. ఇంకా లావెక్కితే మబ్బుకి విత్తనాలు. ఎలుగుబంటి గారి బుర్రకి ఎక్కిందా?”

“ఎక్కింది. కాఫీ తాగు, చల్లారిపోతుంది.”

“ఉండు, అసలుది ఇది కాదు. అసలుది ఈ రెండో తెర మీదుంది. చెట్ల వాసన కొలిచే మిషను. రోజూ గీత ఇలా చిన్న గుట్టలా లేచి పడుకుంటుంది. నిన్న పొద్దున చూడు. కొండ! నాలుగేళ్లలో ఇంతెత్తు లేవలేదు.”

“మిషను పాడైందేమో.”

“నా మిషనా? సిలిండర్లోంచి కొలత తెలిసిన గాలి ఎక్కించి సరిచూశా. చెట్టు దగ్గర్నించి గాలి తెచ్చే గొట్టాలన్నీ ఈ చివర తడిమా. మిషను బంగారం. ఇక చెట్టు దగ్గరికెళ్లి ఆ చివర గొట్టం చూడ్డమే మిగిలింది. పద, ఇద్దరం వెళ్దాం.”

“తర్వాత వెళ్దాంలే. నాన్న మొన్న పడవకి తారు పూశాడు. ఆ వాసనేమో.”

“తారు వేరు, ఇది వేరు. నీ ముక్కుకి తెలియకపోయినా మిషనుకి తెలుసు.”

“దుప్పి ఏదన్నా చెట్టుకి ఒళ్లు రాసుకుని...”

“ఒక్క దుప్పికి ఇంత కొండా? దేశంలో దుప్పులన్నీ వరసకట్టి రాసుకోవాలి.”

“పురుగు పట్టిందేమో మరి.”

“నేలలో చలే విడవలేదు, పురుగెక్కడిది? ఏమిటి నీ సంగతి? ఎప్పుడూ నా గ్రాఫుల వంక చూడనివాడివి, ఇవాళ కారణం మీద కారణం ఏరుకొస్తున్నావు.”

“ఏదో, మాటవరసకి.”

“కారణం నేను చెప్పనా? అడవి నిద్రలేచింది! చలికాలమంతా మూటగట్టుకున్న వాసన ఒక్కసారిగా విప్పేసింది. ఆ వాసనా, ఈ అరటిపండూ ఒకే రోజు! ప్రొఫెసర్‌కి రాసేశా కూడా. మీట నొక్కడమే తరువాయి. పందెం, ఆయన రేపే బయల్దేరతాడు. నలుగుర్ని వెంటేసుకొచ్చి చెట్టు చెట్టూ వాసన చూస్తాడు.”

“నొక్కకు.”

“ఏం?”

“కాఫీ తాగాక నొక్కు.”

“కాఫీ, కాఫీ! మీ సావో మనిషి నోరు తెరిస్తే అర్థం చేసుకునే భారం వినేవాడి మీద పడుతుందని మా తుర్కు పట్నంలో ఊరికే అనరు. ఏదో దాస్తున్నావు.”

“ఏం దాస్తాను.”

“పెళ్లయి నెల తిరగలేదు, అప్పుడే దాపరికమా? ఆవిరిగది పక్కన ఆ ఇరుకు సామాన్ల కొట్లో, ఆ ఒంటిమనిషి మంచం మీద ఇద్దరం పడుకుని, నువ్వు రోజూ దబ్బున కింద పడుతుంటే నేనెవరికైనా చెప్పానా?”

“మెల్లగా. ఎవరన్నా వింటారు.”

“ఎవరు, దుప్పులా? సరే సరే, తాగుతా. ఆహా. అడవిలో కాఫీ, పక్కన మొగుడు, తెర మీద అరటిపండు. మనిషికి ఇంకేం కావాలి? బన్నేదీ? ఏలకుల బన్ను తేలేదా?”

“అమ్మ ఇంకా పొయ్యిలోంచి తియ్యలేదు.”

“అయితే తనే తెస్తుందిలే.”

“ఎవరు?”

“అత్తయ్య. అరటిపండు చూడ్డానికి రమ్మన్నాగా.”

“ఇక్కడికా?”

“ఇక్కడికే. పొద్దున్నే ఇక్కడ చూసి, ఇంటికెళ్లి వంటింట్లో చెప్పా. ‘మిషను బంగారం అత్తయ్యా, చెట్లు ఒక్కసారిగా బోలెడు వాసన వదిలాయి, వచ్చి చూడండి’ అన్నా. ‘బన్నులు తీసి వస్తానమ్మాయ్’ అంది. ఆవిడ ఎక్కడికైనా వస్తానని ఎప్పుడన్నా అందా? నాకెంత సంబరమేసిందో. ఓత్సో? ఏమైంది? ఎక్కడికి లేస్తున్నావు?”

“ఏ దారిన వస్తుంది?”

“ఉన్న దారినే. ఒడ్డు మీంచి.”

“ఒడ్డు మీంచి రాకూడదు. నువ్వు సైకిలు మీద వస్తావే, ఆ రోడ్డు వైపునించి తీసుకురావాలి. కాదు, అసలు రాకూడదు. ఫోను చెయ్యి. మిషను చెడిందను.”

“బంగారమని ఇప్పుడేగా...”

“సైమీ, నీకు దణ్ణం పెడతా. చెడిందను.”

“ముందు కూర్చో. ఒడ్డున ఏముంది?”

“చెట్టు.”

“అడవిలో చెట్టుండక...”

“పెద్ద పైన్ చెట్టు. నీ గొట్టం కట్టిన చెట్టుకి ముందుది, గాలి వచ్చే వైపు. దాని కొమ్మలు కొట్టేశారు. బెరడు చెక్కి అక్షరం వేశారు. బంక కారుతోంది, చెంపల మీద నీళ్లు కారినట్టు. నీ కొండ అదీ. అడవి నిద్రలేవలేదు సైమీ.”

“కొట్టేశారా? ఎవరు? చుట్టూ ఒక్క పుల్ల ముట్టుకోవద్దని బోర్డులు పెట్టించానే! నాలుగేళ్ల కొలతలు ఓత్సో! ఏ తలకుమాసినవాడు, వాడి చేతులు...”

“తిట్టకు.”

“ఎందుకు తిట్టకూడదు? ఏం అక్షరం వేశాడు వెధవ?”

“‘ఆ’ అని. ఆర్వో పేరు మొదటక్షరం.”

“మీ అన్నయ్యా?”

“దాన్ని కర్సిక్కో అంటారు. తెలుసా నీకు?”

“మ్యూజియంలో చూశా. గాజు వెనక ఎండు మొద్దు ఒకటి. పాతకాలంలో శవాన్ని చర్చికి తీసుకెళ్తూ, దారిలో ఓ చెట్టుకి కొమ్మలు నరికి గుర్తు పెట్టేవారట. ఇప్పుడెవరు చేస్తారు?”

“మేం చేస్తాం. మా తాతకి చేశాం. చిన్నపిల్లాణ్ణి, కొట్టిన కొమ్మలు నేనూ అన్నయ్యా ఈడ్చాం. పోయినవాడు ఇంటి మీద బెంగతో సమాధిలోంచి లేచి వస్తాడట. ఆ చెట్టు దాకా వస్తాడట. కొమ్మలు లేని చెట్టుని, దాని మీద తన పేరుని చూసుకుని, ‘అవునుగా, నేను పోయానుగా’ అని గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాడట. ఇంటి దాకా రాడు.”

“కానీ ఆర్వోకి సమాధే లేదు కదా. రెండేళ్ల కిందట, విరగబోయే మంచు మీద చేపలకి వెళ్లాడు. మంచు తొలిచే బర్మా దొరికింది, లాగుడుబండి దొరికింది. మనిషి దొరకలేదు. చర్చికి ఏం తీసుకెళ్లారని, ఏ దారిలో అని గుర్తు పెడతారు?”

“అందుకే చర్చి దారిలో పెట్టలేదు. సరస్సు నించి ఇంటికొచ్చే దారిలో పెట్టారు. అన్నయ్య ఉన్నది నీళ్లలో. వస్తే ఆ దారినే రావాలి.”

“పెట్టారు, పెట్టారు అంటావు. ఎవరు?”

“నాన్న.”

“మామయ్య నీతో చెప్పాడా?”

“మా ఇంట్లో చెప్పుకోరు. నిన్న సాయంత్రం పెరట్లో నా పక్కన నిలబడి భుజం మీద చెయ్యేశాడు. నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ వెయ్యలేదు. కాసేపలా ఉంచి, తీసేసి, తారు డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. ఇదేమిటబ్బా అనుకున్నా. ఇవాళ వలలు తీసి వస్తుంటే చెట్టు కనపడింది. అప్పుడర్థమైంది.”

“ఆయనకి చెయ్యి పైకి లేవదు కదా.”

“అందుకే అందిన మేరకే కొట్టాడు. వంకరటింకరగా. ఒక్కో కొమ్మా ఎన్నిసార్లు ఆగి ఆగి కోశాడో. నన్ను పిలవచ్చుగా? పిలిస్తే నేను మాత్రం ఏమనేవాణ్ణో.”

“అత్తయ్యకి తెలియదా?”

“తెలిస్తే బతుకుతుందా? నిన్న రాత్రి కూడా మన నలుగురికీ ఐదు కంచాలు పెట్టింది. శనివారం ఆవిరిస్నానాలు అందరివీ అయ్యాక, అన్నయ్యకని ఇంకో విడత కట్టెలు వేయిస్తుంది. వాడి గది తలుపు ఎవర్నీ తియ్యనివ్వదు. అందుకేగా కొత్త పెళ్లాన్ని తెచ్చి కొట్లో పడుకోబెట్టాను. చర్చి నించి పాస్టర్ వచ్చి, ప్రార్థన చేసి ఒక రాయి నిలబెడదామంటే, కాఫీ ఇచ్చి, రెండో కప్పూ ఇచ్చి, ‘వాడొచ్చాక వాడినే అడగండి, రాయి ఎలాంటిది కావాలో’ అని సాగనంపింది.”

“నాకు చెప్పనేలేదు ఇది.”

“ఏం చెప్పను? నువ్వు నవ్వుతూ తిరుగుతుంటే బావుంటుంది. ఇంట్లో నవ్వే మనిషివి నువ్వొక్కదానివే. అమ్మ ఆ చెట్టు చూసిందనుకో. కన్నకొడుకుని ఇంటికి రావద్దని రాసి పెట్టినట్టే కదా అది. రాసింది కట్టుకున్నవాడేనని తెలిస్తే?”

“నేను ప్రొఫెసర్‌కి పంపను.”

“నీ పరిశోధన మరి...”

“చూడు, తీసేశా. పోయింది. ఆయనొస్తే చెట్టుకి ఫొటోలు తీస్తాడు, ఇంటికొచ్చి అత్తయ్యనే అడుగుతాడు, ‘ఇదెవరు చేశారమ్మా’ అని. ఆ కొండని కూడా కొట్టేస్తా. చెడ్డ కొలత అని రాసేస్తా. ఛ, నేనెంత పిచ్చిదాన్ని. అడవి నిద్రలేచిందని గెంతులేశా. నరికిన చెట్టుని పట్టుకుని.”

“నీకేం తెలుసు.”

“ఆవిడ ముందు కూడా గెంతులేశా ఓత్సో! ‘మామూలుగా అయితే గాయమైన చెట్టే ఇంత వాసన వదుల్తుంది అత్తయ్యా, మన చెట్లకి గాయాలేముంటాయి’ అని కూడా అన్నా.”

“అమ్మ ఏమంది?”

“పిండి పిసుకుతూ, ‘ఎన్నాళ్లుంటుందమ్మాయ్ ఆ వాసన’ అంది. ఈలోగా పాలు పొంగాయి.”

“ఫోను చెయ్యి. తొందరగా.”

“చేస్తున్నా. మోగుతోంది. ఎత్తడం లేదు. ఓత్సో, ఎత్తడం లేదు.”

బయట ఎండుటాకుల మీద అడుగుల చప్పుడైంది. సైమి ఫోను పెట్టేసింది. ఓత్సో తల్లి హెల్వి, బన్నుల బుట్ట చేత పట్టుకుని తలుపు తోసింది.

“తలుపులేసుకున్నారేం? కొత్త దంపతులని ఎంత సర్దుకున్నా, మరీ పట్టపగలా?”

“అత్తయ్యా! రండి రండి. మేమే వద్దామనుకుంటున్నాం. ఫోను కూడా చేశా.”

“ఫోను కిటికీలో మర్చిపోయా. బన్నులు వేడిగా ఉన్నాయి, ముందు తినండి.”

“అమ్మా, ఏ దారిన వచ్చావు?”

“కాళ్లు తెచ్చిన దారిన. ఏదమ్మాయ్ నీ అరటిపండు?”

“అదీ... మిషను చెడింది అత్తయ్యా.”

“పొద్దున బంగారమన్నావు?”

“పొద్దున బంగారమే. ఇప్పుడే...”

“ఒడ్డు మీంచి రాలేదు కదా అమ్మా? అటు బురద.”

“నిన్న సాయంత్రం మీ నాన్నదీ ఇదే పాట. ‘ఒడ్డుకి వెళ్లకు హెల్వీ, బురదగా ఉంది’ అని. కాపురానికొచ్చిన నాటినించీ ఆ బురదలోనే ఆయన చేపల బుట్టలు మోస్తున్నా, ఏనాడూ గుర్తు రాలేదు. ఉన్నట్టుండి మగాళ్లందరికీ నా కాళ్ల మీద ప్రేమ పుట్టింది. జరగండి. ఇదేనా అరటిపండు?”

“ఆఁ, అదే.”

“పరవాలేదు, వంపుంది. నా చిన్నప్పుడు మా ఊరి కొట్లోకి మొదటిసారి అరటిపళ్లు వస్తే, మా చెల్లెలు తొక్కతో సహా తినేసింది. ఇంతేనా అన్నట్టు చూసింది. అచ్చం ఇప్పుడు మా ఓత్సో చూస్తున్నట్టు. ఏరా, ఆ మొహమేమిటి? తిను.”

“తింటాలే.”

“ఈ పక్కన కొండలా ఉంది, ఇదేమిటమ్మాయ్?”

“అదా? అది తప్పు అత్తయ్యా. చెడ్డ కొలత. కొట్టేస్తున్నా.”

“కొట్టేస్తే ఏమౌతుంది?”

“ఇక ఉండదు. జరగనట్టే.”

“కొట్టెయ్యకు.”

“దాంతో పనేం లేదత్తయ్యా...”

“ఉండనీ. ఏదో జరిగింది కాబట్టేగా లేచింది. జరిగినదాన్ని జరగలేదని ఎన్నాళ్లని అంటాం? పొద్దున నేనడిగిన దానికి నువ్వు జవాబు చెప్పనేలేదు. పాలు పొంగాయని పరిగెత్తావు. ఎన్నాళ్లుంటుంది ఆ వాసన?”

“గాలిలో అయితే కొన్ని గంటలే అత్తయ్యా. తర్వాత నలుసులౌతుంది, ఆపైన మబ్బులో కలుస్తుంది.”

“మబ్బయి ఎక్కడ కురుస్తుంది? మన సరస్సు మీదేనా?”

“చెప్పలేం. గాలి ఎటు తీసుకెళ్తే అటు. ఎక్కడో దూరంగా.”

“పోనీలే. మరి చెట్టు సంగతి? చెట్టు ఎన్నాళ్లు వదుల్తుంది?”

“గాయం పూడేదాకా ఎంతో కొంత వదుల్తూనే ఉంటుంది.”

“పూడడానికెంత పడుతుంది?”

“చెట్టుని బట్టి. ఏళ్లు పడుతుంది అత్తయ్యా.”

“ఆఁ. పడుతుంది.”

“అమ్మా, నువ్వు ఆ దారినే వచ్చావు. చూశావు కదూ? నాన్నని ఏమీ అనకు. నీ కాళ్లు పట్టుకుంటా, ఏమీ అనకు.”

“మీ నాన్ననెందుకంటాను?”

“అన్నయ్యని రావద్దనాలని కాదు. ఆయనకీ గుండె ఆగక, ఏం చెయ్యాలో తెలియక...”

“ఈ కొండ ఎప్పుడు మొదలైందమ్మాయ్?”

“నిన్న పొద్దున. బాగా పొద్దున్నే. మేమింకా లేవలేదు.”

“మీరు లేవలేదు, నేను చూసుకునే వెళ్లాను. రంపం చప్పుడుకి లేస్తారేమోనని భయపడ్డా. పిట్టలు నయం, నా గోల వినపడకుండా అరిచాయి. చేతులంతా బంక. సబ్బుకి వదల్లేదు. వెన్న రాసి రుద్దుకున్నా.”

“అమ్మా?”

“అత్తయ్యా, మీరా?”

“అలా చూడకండి. మొన్న రాత్రి ఆ కొట్లో మీరిద్దరూ నవ్వుకున్నారు. వీడు మంచం మీంచి పడ్డట్టున్నాడు. ఆ పెరట్లో నవ్వు విని ఎన్నాళ్లైంది! నాకు ఎంత బావుందో, అంత భయమేసింది. నీళ్ల మీద చప్పుడు ఎంత దూరం పోతుందో నీకు తెలుసు కదరా. వాడు వింటాడనిపించింది. విని లేచి వస్తాడు, తడి బూట్లతో. చీకట్లో కొట్టు బయట నిలబడి మీ నవ్వు వింటూ ఉంటాడు. లోపలికి రాలేడు. వెళ్లనూ లేడు. తల్లిని, వాణ్ణి అలా ఎలా నిలబెట్టను? అందుకని ముందే, దారిలోనే చెప్పా. ఇంక చాలు నాన్నా, వెళ్లి పడుకో అని.”

“మరి ఆ కంచం? ఆ గది? వాడొస్తాడని నువ్వు రెండేళ్లుగా...”

“బర్మా, బండీ మాత్రమే తెచ్చి గుమ్మంలో పెట్టారు చూడు, ఆ రోజే నాకు తెలుసు.”

“తెలిసీ ఎందుకమ్మా ఇదంతా?”

“ఒరే, మీ నాన్నకి మాత్రం చెప్పకండి. ఆ చెట్టు నువ్వే కొట్టావనుకుంటున్నాడు, అలాగే అనుకోనీ. ‘ఈ పిచ్చిది ఇంకా కొడుకు కోసం ఎదురుచూస్తోంది, దీన్ని కనిపెట్టుకుని ఉండాలి’ అనుకోబట్టే ఆ మనిషి రోజూ పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుంటున్నాడు. ఆ ఒక్క పనీ లేకపోతే ఆయనా వాడి వెనకే నీళ్లలోకి వెళ్లిపోతాడు.”